చిత్త కార్తె నుంచి విశాఖ దాకా: వాగు మీద మిడత గాలం

మృగశిర కార్తె నాడు చేప వండని ఇల్లు మా దిక్కు తక్కువ. గాలం పట్టేవాళ్ళకు మాత్రం ఆ రోజులు పనికిరావు. జూన్, జూలైలో వాగు ఎర్రగా పారుతుంది. చేప గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే ధ్యాసలో ఉంటుంది, మేత మీద చూపుండదు. అప్పుడు పని వలలది, ఊతలది, అలుగు కింద పెట్టే బుట్టలది. గాలానికి దినాలు వచ్చేది సద్దుల బతుకమ్మ పోయినంకనే. హస్తలో ఆఖరి వానలు కొట్టి, చిత్తలో వాగు సన్నబడి, స్వాతి వచ్చేసరికి మోకాటి లోతు నీళ్ళలో అడుగున ఇసుక తేటగా కనిపించేది. అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మూడో వారం దాకా, అంటే చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు, మొత్తం నలభై రోజుల వేట. అందులో చాలా భాగం కార్తీకంలో పడేది. ఎన్నో ఇళ్ళలో నీసు ముట్టరు కాబట్టి ఒడ్డు మీద మంది తగ్గేవారు, నీళ్ళు కలిపేవాళ్ళుండరు, వాగు నిమ్మళంగా ఉండేది.

ఆ వేటను మిడత గాలం అనేవాళ్ళు. సీసం గుండు లేదు, బెండు లేదు. సన్నని కంక (వెదురు) కట్టె, దానికంటే కాస్త పొడుగున తంగూసు (నైలాన్ దారం), చివర చిన్న ముల్లు, ముల్లుకు ఒక పచ్చ మిడత. నీటి మీద తేలుతూ పోయే మిడతను చేప పైకొచ్చి అందుకోవాలి. ఎర్రను, అంటే వానపామును గుచ్చి బెండు చూస్తూ చెట్టు కింద కూర్చునే వేట వేరు. మిడత గాలంలో మనిషి కూర్చునేదే లేదు, వాగు వెంట నడుస్తూనే ఉంటాడు.

కల్వకుర్తి, నాగర్‌కర్నూలు దిక్కున దుందుభి, అదే కిందికి పోయి డిండి. దేవరకద్ర దిక్కున కోయిల్‌సాగర్ పైన పెద్దవాగు. నల్లగొండ దిక్కున హాలియా వాగు. వీటన్నిటి స్వభావం ఒక్కటే: పెద్ద పెద్ద గుండ్లు, వాటి మధ్య ఇసుక, ఒడ్డున ఏరుమద్ది, కానుగ, ఈత చెట్లు. గుండ్ల మధ్య నీళ్ళు గలగల పారిన చోట పల్చన, దాని కింద నడుము లోతు మడుగు, మళ్ళీ పల్చన. ఇసుక నిండుగా ఉన్నన్ని రోజులు అది వాన నీటిని పట్టి ఉంచి మెల్లగా వదిలేది. అందుకే వాన లేకపోయినా సంక్రాంతి దాకా సన్నని పారకం ఆగేది కాదు. ఎండాకాలంలో కూడా జానెడు లోతు చెలిమ తీస్తే తాగే నీళ్ళు ఊరేవి. మూసీ సంగతి వేరు. హైదరాబాదు మురుగు మోసుకొచ్చే ఏరు కాబట్టి తేట నీటి వేటకు దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు.

ఇక చేప. పరకలు అని అందరూ అనేది ఒక్క జాతి కాదు. ఒకటి పొట్టిగా, వెడల్పు ఒంటితో, తోక మొదట్లో నల్ల చుక్కతో ఉంటుంది. దాని నోరు సూటిగా ముందుకు ఉంటుంది. అడుగునా మేస్తుంది, నడి నీటిలోనూ మేస్తుంది, ఆకలేస్తే పైకీ వస్తుంది. ఇంకొకటి సన్నగా, పొడుగ్గా, తళతళలాడుతూ ఉంటుంది. పొట్ట అంచు పదును తేలి, నోరు పైకి తిరిగి ఉంటుంది. పట్టిన చేప నోరు చూస్తే ఎర ఎంత లోతున వేయాలో తెలిసిపోతుంది: నోరు పైకున్నది నీటి మీద మేసేది, కిందికున్నది అడుగున మేసేది. మిడత గాలానికి అసలు చేప ఈ సన్న పరకే. వేలెడంత ఉంటే మంచి చేప, జానెడుంటే పది మందికి చూపించే చేప. గుడ్లు పెట్టి అలిసిన ఒళ్ళు ఈ నెలల్లో మళ్ళీ కండ పడుతుంది కాబట్టి మేత మీద ఆత్రంగా ఉంటుంది.

కట్టె కోసం మేదరోళ్ళ దగ్గరికి పోయి ఏరుకునేవాళ్ళు. అమ్రాబాద్ అడవి దిక్కు నుంచి వచ్చే వెదురులో బోలు తక్కువ, గోడ మందం ఎక్కువ. తొమ్మిది అడుగుల పొడుగు, పట్టుకునే చోట బొటనవేలి లావు, కొన దగ్గర పెన్సిలు కంటే సన్నం. మొదటి ఏడు బొంగు పచ్చగా నిగనిగలాడుతుంది, కణుపుల దగ్గర తెల్ల పొడి ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ ఆరాక ముడుచుకుని పగులుతుంది. మూడేండ్ల బొంగు రంగు మాసి, అక్కడక్కడా మచ్చలు పడి ఉంటుంది, అదే కావాలి. చలికాలంలో కొట్టిన వెదురైతేనే నిలుస్తుంది. వానల్లో కొట్టినదానిలో చెమ్మ, తీపి ఎక్కువ, పురుగు పడి లోపలంతా పిండి చేస్తుంది.

తెచ్చిన బొంగును నీడలో, కింద చిన్న రాయి కట్టి నెల రోజులకు పైగా వేలాడదీయాలి. ఎండలో పెడితే ఒక వైపు తొందరగా ఆరి వంకర తిరుగుతుంది. ఆరినంక కణుపుల దగ్గర మిగిలిన వంకర తీయడానికి ఆముదం రాసి, మంట మీద కాకుండా నిప్పుల మీద తిప్పుతూ వేడి చేస్తారు. చేయి పట్టలేనంత వేడెక్కినప్పుడు మెల్లగా వంచి, చల్లారే దాకా అట్లనే పట్టుకోవాలి. మధ్యలో వదిలితే పాత వంకరకే పోతుంది. నల్లగా మాడిందంటే ఆ చోటే విరుగుతుంది. మంచి కట్టెకు గుర్తు ఒకటుంది. పిడి పట్టి ఒక్కసారి ఆడిస్తే కొన వైపు మూడో వంతే ఊగాలి, ఆ ఊపు రెండు మూడు ఊగులకే ఆగాలి. ఊగుతూనే ఉండే కట్టెతో మిడతను అనుకున్న చోట వేయలేరు.

తంగూసు రాకముందు ముప్పేట నూలు దారం. నూలు నీళ్ళు తాగి మునుగుతుంది, మునిగిన దారం మిడతను కిందికి గుంజుతుంది. దానికి మందు ఆముదమే. ఆముదాలు పండే నేల కాబట్టి ఇంట్లో సీసా నిండుగా ఉండేది. దారానికి పలుచగా ఆముదం పట్టించి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి వాడితే పూటంతా తేలేది. మిడతకు ముందున్న జానెడు మాత్రం నూనె అంటనివ్వరు. తేలే దారం నీటి పైపొరను నొక్కి అడుగున గీత లాంటి నీడ వేస్తుంది, ఆ నీడ చేపకు కనిపిస్తే పైకి రాదు. తంగూసు వచ్చినంక 0.15 నుంచి 0.18 మిల్లీమీటర్ల మందం సరిపోయేది. అంతకంటే లావైతే బిరుసుగా ఉండి మిడతను బతికున్నట్టు కదలనివ్వదు. తంగూసుకు ఎండ శత్రువు, నెలల తరబడి గోడకు వేలాడదీస్తే చూపుకు బాగానే ఉండి చేతిలో తెగుతుంది. గుండ్లకు రాసుకుని చివరి జానెడు గరుకెక్కుతుంది. గోటితో నిమిరి చూసి ఆ ముక్క కోసేసి ముల్లు మళ్ళీ కట్టాలి.

దారం పొడుగు కట్టె పొడుగుకు ఒక మూర ఎక్కువ, అంతే. ఈ గాలానికి చక్రం ఉండదు. దారం మరీ పొడుగైతే పడిన చేపను చేతికి తెచ్చుకోలేరు, పొట్టిదైతే కట్టె నీడే చేప మీద పడుతుంది.

ముల్లు దుకాణంలో దొరికేది, పదహారు నుంచి ఇరవై నంబరు మధ్యది. నంబరు పెరిగే కొద్దీ ముల్లు చిన్నదవుతుంది. దొరకని ఊళ్ళలో బట్టలు కుట్టే సూదే ముల్లు. సూదిని ఉన్నదున్నట్టు వంచితే పుటుక్కున విరుగుతుంది, దాని ఉక్కు అంత గట్టిది. దీపం మీద ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచకుండా వట్టిగా చల్లారనిస్తే మెత్తబడుతుంది. అప్పుడు సన్న మేకు చుట్టూ వంచి, మళ్ళీ ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. అక్కడితో ఆపితే గాజు ముక్కే, చేప గుంజితే విరుగుతుంది. అందుకని ఇసుక రాతి మీద మెరిసేటట్టు రుద్ది, మంటకు కొంచెం దూరంగా పట్టి, నీలం రంగు తిరగ్గానే తీసేయాలి. పదును చూడ్డానికి బొటనవేలి గోరు మీద ఆనించి లాగుతారు. జారితే మొద్దు, పట్టుకుంటే పదును.

ముడి దగ్గర తొందరపడేవాళ్ళే ఎక్కువ. తంగూసును బెజ్జంలో దూర్చి, దాని చుట్టూ దాన్నే ఐదు చుట్లు చుట్టి, బెజ్జం దగ్గర మిగిలిన సందులోంచి కొనను తీసి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. తడపకుండా ఒక్కసారిగా గుంజితే రాపిడి వేడికి తంగూసు అక్కడే బలహీనపడుతుంది. పెద్ద చేప తెంపుకుపోయిందని చెప్పుకునేవాటిలో సగం ఇట్లా పొడిగా బిగించిన ముడులే.

మిడతలు పట్టేది పొద్దు పొడవక ముందు. రాత్రి చలికి ఒళ్ళు గడ్డకట్టి, రెక్కల మీద మంచు పడి ఎగరలేక గడ్డి పోచలను పట్టుకుని ఉంటాయి. ఎండ ఎక్కినంక ఒక్కదాని కోసం పొలమంతా ఉరకాల్సిందే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి కంకి వేసి పాలు పోసుకునేది ఈ రోజుల్లోనే కాబట్టి పచ్చ మిడతకు కొదవ ఉండేది కాదు. కోతలు మొదలైతే అవి గట్ల మీదికి, వాగు ఒడ్డు గడ్డిలోకి జరుగుతాయి. అప్పుడు చేప కూడా ఒడ్డు వారకు జరుగుతుంది, ఎందుకంటే గాలికి నీళ్ళలో పడే మిడత అక్కడే పడుతుంది. పూటకు పాతిక మిడతలు చాలు. ఎండిన సొరకాయ బుర్రలోనో, మేకుతో బెజ్జాలు పొడిచిన పౌడరు డబ్బాలోనో పొడి గడ్డి వేసి ఉంచాలి. తడి గడ్డి వేస్తే ఉక్కకు చస్తాయి. చచ్చిన మిడత నల్లబడుతుంది, తొందరగా నీళ్ళు తాగి మునుగుతుంది.

ముల్లును మిడత మెడ వెనక పట్టెలాగా ఉండే గట్టి తొడుగు కింద గుచ్చి ముందుకు తీయాలి. పొట్టలో గుచ్చితే లోపలి రసం కారి నాలుగు వేటులకే మునుగుతుంది. వెనక దుంకుడు కాళ్ళు రెండూ తీసేస్తారు, లేకపోతే చిన్న చేప కాలు పట్టుకుని గుంజి ముల్లును తప్పించుకుంటుంది. మిడత అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం ఉండాలి. పెద్ద మిడతకు పెద్ద చేప వస్తుందనే ఆశ పరక దగ్గర పనిచేయదు, దాని నోరే అంత.

నడక కింది నుంచి పైకి. చేప ఎప్పుడూ పారకానికి ఎదురు ముఖం పెట్టి ఉంటుంది, వెనక నుంచి వచ్చే మనిషిని చూడదు. ఇసుకలో అడుగు మెల్లగా పెట్టాలి, గుండు మీది నుంచి గుండు మీదికి దుంకితే ఆ దెబ్బ నీళ్ళలోకి పోతుంది, మడుగంతా ఖాళీ అవుతుంది. పల్చన వచ్చి మడుగులో కలిసే చోట నురుగు ఒక గీతగా పోతుంటుంది. నురుగును మోసే నీరే పురుగునూ మోస్తుంది. ఆ గీత పక్కన, గుండు వెనక నీళ్ళు నెమ్మదించిన చోట చేప నిలబడి ఉంటుంది. వడి నీటిలో ఈదే కష్టం ఉండదు, మేత మాత్రం ముందు నుంచి పోతుంటుంది.

సీసం లేదు కాబట్టి తల మీదుగా విసిరితే ఏమీ పోదు. ఎడమ చేతి రెండు వేళ్ళతో మిడతకు కొంచెం పైన దారాన్ని పట్టి, విల్లు వంచినట్టు కట్టె కొనను వంచి వదలాలి. మిడత నీటికి అడుగు ఎత్తున పోయి, చేప ఉన్న చోటికి మూరెడు ఎగువన పడుతుంది. చప్పుడు చిన్నగా వినపడాలి. అసలు లేకపోతే చేప తిరిగి చూడదు, ఎక్కువైతే బెదురుతుంది. కార్తీకంలో గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది. ఎదురు గాలైతే కట్టెను పక్కకు పడుకోబెట్టి నీటి మీదుగా వదలాలి, నిలువుగా పట్టారంటే దారం వెనక్కి వచ్చి చెట్టుకే.

పడినంక ఏం చేయకపోవడమే కష్టం. మిడత నీటితో పాటు, నీటి వేగంతో పోవాలి. దారం వడిలో పడి మిడతను గుంజినా, నెమ్మది నీటిలో పడి ఆపినా, మిడత వెనక సన్నని గీత పడుతుంది. ఆ గీత కనిపిస్తే చేప దగ్గరిదాకా వచ్చి వెనక్కి మళ్ళుతుంది. కొత్తవాళ్ళు మిడత మంచిది కాదని, చోటు మంచిది కాదని మారుస్తుంటారు. తప్పు దారంలో ఉంటుంది. కట్టె కొనను కొంచెం పైకి పట్టి దారాన్ని చాలావరకు నీటికి అంటకుండా ఉంచి, కొనను మిడతతో పాటే కిందికి జరుపుతూ రావాలి. ఇట్లా ఆరేడు అడుగులు పోతే చాలు, తీసి మళ్ళీ వేయాలి. సీసం కడితే దూరం పోతుంది గదా అని అడిగేవాళ్ళున్నారు. కడితే పోతుంది, మిడత మాత్రం మునుగుతుంది. ఈ వేట మొత్తం ఆ బరువు లేకపోవడం మీదనే నడుస్తుంది.

పరక చాలాసార్లు ముందు మూతితో పొడిచి చూస్తుంది, రెండోసారి అందుకుంటుంది. మొదటి దెబ్బకే గుంజితే ఖాళీ ముల్లు వస్తుంది. మిడత మాయమై, దారం పక్కకు తిరిగినప్పుడు, "కట్టె లేపకు బిడ్డా, మణికట్టు తిప్పు" అనేవాళ్ళు పెద్దవాళ్ళు. కట్టె లేపితే పలుచని పెదవి చినిగిపోతుంది. సూది ముల్లుకు ఎదురు మొన ఉండదు కాబట్టి దారం బిగువు ఒక్క క్షణం కూడా సడలనివ్వకుండా నేరుగా చేతికి తెచ్చుకోవాలి. ఒక చోట రెండు మూడు చేపలు పడ్డాక మిగతావి జాగ్రత్త పడతాయి, ఆ మడుగును కాసేపు వదిలేసి పైకి నడవాలి.

వేళ మాట. చిత్తలో పొద్దున్నే కూడా మేస్తుంది. స్వాతి దాటి రాత్రులు చలి పెట్టడం మొదలైతే పొద్దు పది దాకా కట్టె తీయాల్సిన పని లేదు. నీళ్ళు చల్లబడితే చేపకు అరుగుదల తగ్గుతుంది, ఎండ సోకి పల్చన వెచ్చబడ్డాకే పైకి వస్తుంది. పొద్దున్నే మరో ఇబ్బంది నీడ; సూర్యుడు కిందుగా ఉంటే మనిషి నీడ వాగు అవతలి ఒడ్డు దాకా పడుతుంది. పది నుంచి మూడు, ఇదే విశాఖ కార్తె వేళ.

సాయంత్రం జెల్లలది, అంటే మీసాల చేపలది. దానికి ఎర్ర, సీసం, జొన్న సొప్ప బెండు అన్నీ కావాలి. బెండు మూడొంతులు మునిగి ఒక వంతు పైకుండేటట్టు సీసం చూసుకోవాలి. బర్రెలు దిగి నీళ్ళు కలిపిన చోటుకు కొంచెం కిందుగా వేస్తే, బురదతో లేచిన పురుగుల కోసం జెల్లలు చేరి ఉంటాయి. జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు ముళ్ళుంటాయి. గుడ్డతో, ముళ్ళ వెనక నుంచి పట్టాలి. కుచ్చుకుంటే చేయి ఓర్చుకునేంత వేడి నీళ్ళలో ముంచి ఉంచితే పోటు తగ్గుతుంది. ఇంగిలాయి అనే చేప ముల్లు దీనికంటే చెడ్డది. కొర్రమీను వేట ఇంకో శాస్త్రం, దానికి కప్ప కావాలి, లావు దారం కావాలి, అది ఇక్కడ చెప్పి ముగిసేది కాదు. చెరువుల్లో మాత్రం మత్స్య సంఘాల వాళ్ళు వదిలిన చేపపిల్ల ఉంటుంది, వాళ్ళను అడగకుండా గాలం వేయడం అప్పుడూ లేదు, ఇప్పుడూ ఉండకూడదు.

ఇప్పుడు ఆ వాగులు అట్లా లేవు. ఇసుక లారీలకెక్కి పోయింది. ఇసుక పోయిన చోట వాన ఆగిన కొన్నాళ్ళకే పారకం ఆగి, గుండ్ల మధ్య ముక్కలు ముక్కలుగా మడుగులు మిగులుతున్నాయి. చెక్ డ్యాములు బావులకు మేలు చేశాయి, ఆ మేలు కాదనలేం. కానీ నిలిచిన నీటిలో నురుగు గీత ఉండదు, పల్చన ఉండదు, పరక నిలబడే చోటు ఉండదు. నిలిచిన నీళ్ళలో జిలాబి (తిలాపియా) పెరిగి మిగతా చేపల మేతను, చోటును ఆక్రమిస్తున్నది. వరికి మందు కొట్టిన మడిలో మిడత దొరకదు, దొరికినా దాన్ని ముల్లుకు గుచ్చకూడదు. ఇవన్నీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. అయినా మంచి వానలు పడి అలుగులు పారిన ఏడు, పాత కత్వల (వాగుకు అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) కింద, గుండ్లు ఎక్కువగా ఉండి లారీ దిగలేని చోట్ల, అక్టోబరు ఆఖరున నీటి మీద చిన్న చిన్న వలయాలు ఇంకా లేస్తాయి. వెతికేవాళ్ళు అక్కడ వెతకాలి.

పట్టిన పరకలను ఎండలో ఒడ్డు మీద పడేయొద్దు, పొట్ట మెత్తబడి వండేసరికి చేదెక్కుతుంది. చిక్కంలో వేసి నీళ్ళలోనే ఉంచాలి. ఇంటికొచ్చాక గరుకు బండ మీద బూడిద వేసి రుద్దితే పొలుసు పోతుంది. పొట్ట చీరి పేగుతో పాటు పచ్చని పిత్తును పగలకుండా తీసి, లోపలి నల్ల పొరను గోటితో గీకేయాలి, చేదంతా ఆ రెండింటిలోనే. ఉప్పు, పసుపు పట్టించి కడగాలి. అర కిలో పరకలకు నిమ్మకాయంత చింతపండు, రెండు చెంచాల కారం, వేయించి దంచిన మెంతులు పావు చెంచా. పల్లి నూనెలో ఉల్లిగడ్డ మగ్గాక పులుసు పోసి, అది బాగా మరిగి చిక్కబడ్డాకే చేప వేయాలి; ముందే వేస్తే ముక్క మిగలదు. ఆ తర్వాత గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టి తిప్పుతూ ఏడెనిమిది నిమిషాలు ఉడికిస్తే సరి. మిగిలినవి ఉంటే ఉప్పు రాసి, తాటి నారకు గుచ్చి, ఈగ వాలకుండా పలుచని గుడ్డ కప్పి ఎండబెట్టాలి. నవంబరు పొడి ఎండకు మూడు నాలుగు రోజుల్లో గలగలమంటాయి.